గారపళ్లకు ఫ్లోరైడు పేస్టు: దవడ రేడియేషన్ తర్వాతి పుచ్చులో ఒక కేసు

నోటి క్యాన్సర్‌కి ఆపరేషన్, రేడియేషన్ అయిన మనిషి కొన్ని నెలలకు పళ్లు విరిగిపోతున్నాయంటూ రావడం దంతవైద్యులకు కొత్త కాదు. అయినా ఈ కేసు రాసిపెట్టడానికి ఒక కారణం ఉంది. తాగునీటి ఫ్లోరైడు ఎముకలను వంచేసిన ప్రాంతంలో, రేడియేషన్ తర్వాత పళ్లను నిలిపే ముఖ్యమైన మందు కూడా ఫ్లోరైడే. ఆ మందు రోగి చేతికి అందినా నోట్లోకి వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో తెలుసుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో పోయిన పళ్లు తిరిగి రావు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, చికిత్స వివరాలు అలాగే ఉంచాం.

నేపథ్యం

యాభై దాటిన పొగాకు రైతు, ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో ఒక ఊరు. ముప్పై ఏళ్లుగా ఖైనీ అలవాటు. పెట్టుకునేది ఎప్పుడూ ఒకే చోట, ఎడమ కింది దవడకీ బుగ్గకీ మధ్య సందులో. పుండు అక్కడే పడింది, కణితీ అక్కడే లేచింది. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి పై పొరలో పుట్టే క్యాన్సర్) అని తేలింది. కణితితోపాటు కింది దవడ పై అంచు కొంత, మెడ గ్రంథులు తీశారు. ఎడమ కింది రెండో ప్రీమోలార్ (కోర పన్నుకీ దవడ పళ్లకీ మధ్య పన్ను) నుంచి వెనక పళ్లన్నీ ఆ ముక్కతోనే పోయాయి. తర్వాత 30 విడతల్లో 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్, వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు. ఇంట్లోవాళ్ల మాటల్లో 'కరెంటు పెట్టించడం'.

రేడియేషన్‌కి ముందు పళ్ల పరీక్ష జరగలేదు. ఆపరేషన్ గాయం మానాలి, ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. ఆ హడావిడిలో పళ్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తీయాల్సిన పళ్లు ఏవైనా ఉంటే రేడియేషన్‌కి కనీసం రెండు వారాల ముందు తీసేయాలని 2024లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రెండు వారాలు దాటిపోయాక ఒక పన్ను పీకడమంటే రేడియేషన్ తిన్న ఎముకలో గాయం చేయడమే. అది మానకపోతే ఎముక బయటపడి కుళ్లుతుంది. దాన్నే ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. ఇక్కడ దవడ పై అంచు ముందే తీసేసి ఉంది కాబట్టి మిగిలిన సన్నటి ఎముక విరిగే ప్రమాదం కూడా తోడైంది.

ఇంకో నేపథ్యం ఈ నేలది. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడుతో ఎముకలు వంగే జబ్బు, వైద్య పత్రికకెక్కింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా నుంచే. అప్పటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడి 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లాలోకి వచ్చాయి. ఈ రోగివి ఫ్లోరైడు మచ్చలు పడ్డ గారపళ్లు. అతని తల్లి నడుం వంగిపోయి మంచాన పడింది. ఇంటి బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వచ్చింది. తాగునీటికి గరిష్ఠంగా అనుమతించేది 1.5. ఇప్పుడు తాగేవి ఆర్ఓ ప్లాంటు క్యాన్ నీళ్లు, వంటకు మాత్రం బోరు నీళ్లే.

ఏ స్థితిలో వచ్చాడు

రేడియేషన్ ముగిసిన ఎనిమిది నెలలకు వచ్చాడు. అప్పటికి 19 పళ్లు మిగిలి ఉన్నాయి, వాటిలో 13 పుచ్చాయి. కింది ముందు పళ్లు రెండు చిగురు దగ్గరే విరిగాయి. ఎడమ కింది మొదటి ప్రీమోలార్ కింద చిగురు మీద చీము బుడిపె. ఎడమ పై రెండో దవడ పన్ను చిగుళ్ల జబ్బుతో అన్ని వైపులా ఊగుతోంది. నోరు 22 మిల్లీమీటర్ల వరకే తెరుచుకుంటోంది. ఐదు నిమిషాలపాటు ఊరిన ఉమ్మును కొలగీతల గొట్టంలో పట్టిస్తే 0.2 మిల్లీలీటరు, అంటే నిమిషానికి 0.04. నిమిషానికి 0.1 కంటే తగ్గితేనే నోరు ఎండినట్టు లెక్క.

గారపళ్లలో రేడియేషన్ పుచ్చును ముందుగా పట్టుకోవడం కష్టం. పళ్లు చిన్నప్పటి నుంచీ గోధుమ రంగే కాబట్టి కొత్త మచ్చ ఇంట్లోవాళ్లకు కనబడదు, తొందరలో చూస్తే డాక్టరుకీ కనబడదు. తేడా రంగులో కాదు, తాకిడిలో తెలుస్తుంది. ఫ్లోరోసిస్ మచ్చ గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. కుడి పన్నుకి ఎలా ఉంటే ఎడమ జత పన్నుకీ దాదాపు అలాగే అడ్డచారలుగా ఉంటుంది. రేడియేషన్ పుచ్చు పన్ను మెడ (చిగురును ఆనుకున్న భాగం) చుట్టూ ఉంగరంలా పాకుతుంది, కొరికే అంచు మీదా మొదలవుతుంది. గాలి ఊది ఆరబెట్టి చూస్తే మెరుపు లేకుండా ఉంటుంది, మొండి ప్రోబు ఆనిస్తే మెత్తగా దిగుతుంది. ఇంకో గట్టి గుర్తు కింది ముందు పళ్లు. నాలుక కింది గ్రంథుల ఉమ్ములో ఎప్పుడూ తడుస్తుంటాయి కాబట్టి మామూలు మనిషికి అవి అన్నిటికన్నా ఆలస్యంగా పుచ్చుతాయి. అవే ముందు పోతున్నాయంటే ఉమ్ము పోయిందని అర్థం.

తిండి అలవాట్లు అడిగితే కారణం సగం బయటపడింది. కారం తగిలితే నోరు మంట, గట్టివి నమలలేడు. బెల్లం వేసిన రాగి జావ, పాలలో ముంచిన బిస్కట్లు, గ్లూకోజు నీళ్లు, నిమ్మ సోడా. నోరు ఎండినప్పుడల్లా ఒక గుక్క, రాత్రి మంచం పక్కన కూడా జావ గ్లాసు. పన్ను పింగాణీ పొర నోటి పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 దగ్గర కరగడం మొదలుపెడుతుంది. చిగురు దిగి బయటపడ్డ వేరు భాగమైతే 6.2 నుంచి 6.7 మధ్యనే కరుగుతుంది. ఉమ్ము ఉంటే ఆమ్లాన్ని కడిగి అరగంటలో సర్దుతుంది. ఇక్కడ ఆ ఉమ్మే లేదు. పొద్దున నుంచి రాత్రి దాకా పళ్లు ఆమ్లంలో నానుతున్నట్టే.

మొదట చేసినవి, ఎందుకు చెడ్డాయి

ఆరు పళ్ల మెడల దగ్గర పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగులు పెట్టారు. ముందు పళ్లు కాబట్టి రంగు కలుస్తుందని ఆ ఎంపిక. 1.1 శాతం సోడియం ఫ్లోరైడు న్యూట్రల్ (ఆమ్లం కలపని) జెల్, కొలత తీసి చేసిన మెత్తటి ట్రేలలో రోజుకోసారి ఐదు నిమిషాలు పెట్టుకోమన్నారు. రెండు ట్రేలకు కలిపి సుమారు 2 గ్రాముల జెల్. 60 గ్రాముల ట్యూబు నెలకు సరిగ్గా సరిపోవాలి. ఉమ్ము ఊరడానికి పైలోకార్పిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడు. ఆస్తమా, గ్లాకోమా లేవని అడిగి నిర్ధారించుకున్నాకే రాశారు.

పైలోకార్పిన్ తొమ్మిదో రోజుకే ఆగిపోయింది. ఆ మందు ఉమ్మునే కాదు, చెమటనూ పెంచుతుంది. మార్చి ఎండల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పనిచేసే మనిషికి అది తట్టుకోలేనిది. పైగా ఈ మందు పనిచేయాలంటే గ్రంథిలో కొంత ప్రాణం మిగిలి ఉండాలి. చెవి ముందుండే పరోటిడ్ ఉమ్ము గ్రంథికి సగటు మోతాదు 26 గ్రే దాటితే కోలుకోవడం కష్టం. రేడియేషన్ ప్లాను తెప్పించి చూస్తే ఎడమ పరోటిడ్‌కి అంతకంటే చాలా ఎక్కువే పడింది. ముందే ఆ ప్లాను చూసి ఉంటే ఆ మాత్ర మీద అంత ఆశ పెట్టుకునేవాళ్లం కాదు.

మూడో నెలలో చూస్తే ఆరు ఫిల్లింగుల్లో నాలుగింటి చుట్టూ మళ్లీ పుచ్చు. ఫిల్లింగు చెక్కుచెదరలేదు, దాని అంచు చుట్టూ పన్నే కరిగిపోయింది. ఎండిన నోట్లో కాంపోజిట్‌కి ఇదే జరుగుతుంది. అది ఊడదు, పక్క పన్నును కాపాడదు. ఫ్లోరోసిస్ పింగాణీ పై పొర ఆమ్లానికి లొంగదు కాబట్టి మామూలు సమయం ఎచింగ్ (ఆమ్లంతో గరుకు చేయడం) చేస్తే అతుకు కూడా బలహీనంగానే ఉంటుంది.

అయితే నాలుగు ఫిల్లింగులతోపాటు కొత్తగా ఏడు చోట్ల పుచ్చు మొదలైంది. దాన్ని ఫిల్లింగు మీదికి నెట్టలేం. రోజూ ఫ్లోరైడు పడుతున్న నోట్లో ఇంత వేగం ఉండకూడదు. ట్యూబు తీసుకురమ్మని చెప్పి, గ్రాము తేడా చూపే కాటాలో తూచాం. ఖాళీ ట్యూబు బరువు తీసేస్తే 54 గ్రాముల జెల్ మిగిలే ఉంది. మూడు నెలల్లో వాడింది 6 గ్రాములు, అంటే మూడు రోజుల మోతాదు. అసలు నెల తిరిగేసరికి రెండో ట్యూబు అడగకపోవడమే మేం గమనించాల్సిన మొదటి గుర్తు, అది దాటిపోయింది.

ఎందుకు వాడలేదని అతన్ని అడిగితే తల వంచుకున్నాడు. భార్య చెప్పింది: "ఫ్లోరైడుతోనే గదా సార్ మా అత్తకి నడుం వంగిపోయింది. మళ్లా అదే మందు నోట్లో పెట్టుకోమంటే భయం కాదా?" ఆమె భయంలో తప్పేమీ లేదు. ఈ జిల్లాలో ఫ్లోరైడు అన్న మాట వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆ వంగిన నడుమే. ఆ మాట ముందే అడిగి విప్పి చెప్పకపోవడం మా వైపు తప్పు. దీనికి తోడు 22 మిల్లీమీటర్ల నోట్లోకి ట్రే దూర్చడమే బాధగా ఉందని కూడా అప్పుడే తెలిసింది.

మార్చినవి, వాటి వెనక లెక్క

ముందు భయం సంగతి. ఫ్లోరోసిస్ వచ్చేది మింగిన ఫ్లోరైడుతో. పళ్ల గార చిన్నప్పుడు దంతం చిగురు లోపల తయారయ్యే వయసులో పడుతుంది, ఎముకల జబ్బు ఏళ్ల తరబడి రోజూ మింగితే వస్తుంది. పన్ను మీద రాసి ఉమ్మేసేది పన్ను పైపొరలో పనిచేస్తుంది. ఇదంతా వాళ్లకు గ్లాసుల లెక్కలో చెప్పాం. జెల్ బదులు ఇవ్వబోయే 5000 పీపీఎం ఫ్లోరైడు పేస్టు అంటే గ్రాముకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు. బఠానీ గింజంత పేస్టు పావు గ్రాము. రోజుకు రెండు సార్లు అంటే మొత్తం 2.5 మిల్లీగ్రాములు నోట్లోకి వెళ్తాయి. ఉమ్మేశాక పావు వంతు పొట్టలోకి పోయిందనుకున్నా 0.6 పైచిలుకు. ఇంటి బోరు నీళ్లు ఒక్క పావు లీటరు గ్లాసులో 0.7 ఉంది. ఒకప్పుడు రోజుకు మూడు లీటర్లు తాగినప్పుడు మింగింది 8.4. ఈ లెక్క ఆమె వేళ్ల మీద మళ్లీ వేసుకుంది.

దాంతోపాటు ఒక ఒప్పందం. అన్నం, పప్పు కూడా ఆర్ఓ నీళ్లతోనే వండాలి. వంటలో రోజుకు లీటరున్నర బోరు నీళ్లు అతని కడుపులోకి పోతున్నాయనుకుంటే 4.2 మిల్లీగ్రాములు అక్కడే తగ్గుతాయి. పేస్టుతో లోపలికి పోయేది దానిముందు చాలా తక్కువ. ఈ ఒప్పందం తర్వాతే పేస్టు వాడకం మొదలైంది.

ట్రేలు పూర్తిగా మానేశాం. బ్రష్ మీద పేస్టుతో రెండు పూటలా తోమాలి, నురగ ఉమ్మేయాలి, తర్వాత నీళ్లు పుక్కిలించకూడదు, అరగంట ఏమీ తినకూడదు. వేపపుల్ల, బొగ్గుపొడి వద్దు, మెత్తబడ్డ వేరును అవి గీరేస్తాయి. మూడు నెలలకోసారి 5 శాతం సోడియం ఫ్లోరైడు వార్నిష్ మేమే పూస్తాం. ఆమ్లం కలిపిన ఫ్లోరైడు జెల్ మాత్రం ఈ నోటికి పనికిరాదు, ఈసారి పుచ్చులు పూడ్చడానికి వాడే గ్లాస్ అయానమర్ సిమెంటును అది తినేస్తుంది. ఎక్కువ ఫ్లోరైడు పేస్టు చిన్న ఊళ్ల మందుల షాపుల్లో దొరకదు కాబట్టి మూడు నెలలకు సరిపడా ఒకేసారి తెప్పించి ఇచ్చాం. వచ్చినప్పుడల్లా ట్యూబు తూచడం నియమం. నెలకు 15 గ్రాములు తగ్గాలి. మొదటి నెల 13, రెండో నెల 16 తగ్గింది.

జావ మానెయ్యమనలేదు, మానితే మనిషి నీరసిస్తాడు. బెల్లం తీసేసి, రోజుకు నాలుగు పూటలు, కూర్చుని పది నిమిషాల్లో తాగి లేవాలి. మజ్జిగ కూడా భోజనంతోనే. చలవ చేస్తుందని రోజంతా గుక్కలు వేస్తారు గానీ మజ్జిగ పీహెచ్ 4.5 దరిదాపుల్లో ఉంటుంది, బయటపడ్డ వేరుకు అదీ ఆమ్లమే. మధ్యలో నోరు ఎండితే వట్టి ఆర్ఓ నీళ్లు. తిన్న ప్రతిసారీ గ్లాసు నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మడం. చవకగా ఇంత మేలు చేసేది ఇంకోటి లేదు.

మెడల దగ్గర పుచ్చులకు కాంపోజిట్ బదులు రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్. అది కొంచెం అరుగుతుంది, ఆరు నెలలకు పైన మరో పొర వేయాల్సి రావచ్చు. కానీ దాని చుట్టూ పన్ను కరగడం తక్కువ. ఎండిన నోట్లో పన్ను పోవడం కన్నా సిమెంటు అరగడమే మేలు.

చీము బుడిపె ఉన్న ప్రీమోలార్

ఈ కేసులో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది ఈ పన్ను గురించే. ఎడమ కింది మొదటి ప్రీమోలార్ 60 గ్రే పడ్డ ఎముకలో, తీసేసిన అంచుకు ఆనుకుని ఉంది. చీము బుడిపెకు మూడు కారణాలు ఉండొచ్చు: పన్ను వేరు చివర చీము, ఎముక కుళ్లడం, కణితి మళ్లీ రావడం. మొదటిదనుకుని మూడోదాన్ని వదిలేస్తే ప్రాణానికే ముప్పు. అందుకని బుడిపె రంధ్రంలోంచి ఎక్స్‌రేలో కనబడే సన్నటి గట్ట పెర్చా (రబ్బరు లాంటి పదార్థం) పుల్ల పెట్టి ఎక్స్‌రే తీశాం, అది నేరుగా వేరు చివరికి వెళ్లింది. చుట్టూ వేలితో నొక్కితే గట్టిదనం లేదు, అంచులు లేచిన పుండు లేదు, ఎముక తేలిన చోటు లేదు. కింది పెదవి తిమ్మిరి ఉందేమో దూదితో తాకి చూశాం, లేదు. కింది పెదవికి స్పర్శ ఇచ్చే మెంటల్ నరం ఎముకలోంచి బయటికొచ్చేది ఆ దరిదాపుల్లోనే కాబట్టి పెదవి మొద్దుబారి ఉంటే పంటి పని ఆపి వెంటనే ఆంకాలజిస్టు దగ్గరకు పంపాలి. వెంటనే బయాప్సీ చేయలేదు, రేడియేషన్ తిన్న చిగురులో అది కూడా ఒక గాయమే. రూట్ కెనాల్ శుభ్రం చేశాక రెండు వారాల్లో బుడిపె మూసుకోకపోతే ఆంకాలజిస్టుకు చూపించాలని ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాం.

పీకడం ఎందుకు వద్దనుకున్నామంటే, దవడ సన్నబడింది, మోతాదు 60. ఎక్కువ ఒత్తిడి ఆక్సిజన్ గదిలో 30 విడతలు కూర్చోబెట్టి తీయించొచ్చు కదా అని దూరపు పట్నం నుంచి ఇంటివాళ్లకు ఎవరో చెప్పారు. ఆ సలహాకు మూలం 1985లో మార్క్స్ అనే దవడ సర్జన్ చేసిన అధ్యయనం. అందులో పన్ను తీశాక ఎముక కుళ్లడం ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 5.4 శాతం, పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో 29.9 శాతం. 2019లో వచ్చిన హోపాన్ ట్రయల్‌లో మాత్రం ఆరు నెలలకు ఆక్సిజన్ ఇస్తే 6.4 శాతం, ఇవ్వకపోతే 5.7 శాతం. తేడా లేదనే అర్థం. పట్నంలో వారాల తరబడి గది అద్దె, ప్రయాణం, తిండి ఖర్చు ఆ కుటుంబం మీద పెట్టడానికి మాకు ఆధారం కనబడలేదు.

అందుకే రూట్ కెనాల్. పైభాగం ఎలాగూ మెడ దగ్గర విరిగే ఉంది కాబట్టి ఆ పగులులోంచే దారి దొరికింది. నోరు తక్కువ తెరుచుకున్నా కెనాల్ గీకి శుభ్రం చేసే 21 మిల్లీమీటర్ల చేతి ఫైళ్లు పట్టాయి. పన్ను చచ్చిపోయి ఉంది, మత్తు అవసరం రాలేదు. అవసరమైతే అడ్రినలిన్ లేని మత్తే వాడతాం, పన్నుకీ ఎముకకీ మధ్య సందులో సూది వేయం. పన్ను చుట్టూ ఉమ్ము రాకుండా వేసే రబ్బరు తెర (రబ్బర్ డ్యామ్) క్లాంప్ చిగురును కోస్తుంది కాబట్టి క్లాంప్ లేకుండా దారంతో కట్టాం. కొలత వేరు చివరికి ఒక మిల్లీమీటరు ముందే ఆపాం, కెనాల్ కడిగే హైపోక్లోరైట్ ద్రావణం పక్క రంధ్రం ఉన్న సూదితో ఒత్తిడి లేకుండా పోశాం. ఫైలు గానీ మందు గానీ వేరు దాటి ఎముకలోకి వెళ్తే పన్ను పీకినంత పని అవుతుంది. లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి పంపాం. పన్నెండో రోజుకు బుడిపె మూసుకుంది. తర్వాత కెనాల్ నింపి, పన్నును చిగురు మట్టానికి తగ్గించి, పదును అంచులు గుండ్రం చేసి, మూడు మిల్లీమీటర్ల లోతున సిమెంటుతో మూశాం. విరిగిన రెండు కింది ముందు పళ్లకూ ఇదే చేశాం. అవి నమలడానికి పనికిరావు, కానీ ఎముక మూసే ఉంది.

ఊగుతున్న ఎడమ పై దవడ పన్ను తీయక తప్పలేదు. రూట్ కెనాల్ ఊగుడును ఆపదు, చీము మింగుతూ ఉండడమూ మంచిది కాదు. రేడియేషన్ ప్లానులో ఆ చోట పడింది 31 గ్రే, పైగా పై దవడకు రక్తం బాగా అందుతుంది. ఎముక గాయం మానడానికి తోడ్పడతాయని రెండు వారాల ముందు నుంచి పెంటాక్సిఫిలిన్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండు, విటమిన్ ఇ 400 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రెండు, తీశాక ఎనిమిది వారాలు అవే. ఈ జంట మందులకు ఆధారం గట్టిది కాదని తెలిసే ఇచ్చాం, హాని తక్కువ గనక. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకైతే జాగ్రత్త అవసరం. చిగురు లేపకుండా, వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి తీసి, ఎముక అంచులు నున్నగా చేసి, బిగువు లేకుండా కుట్టాం. ఏడో వారానికి పూర్తిగా మూసుకుంది.

మిగతా పళ్లకు చిగుళ్ల శుభ్రం తేలిక చేతి పరికరాలతోనే, మెత్తబడ్డ వేరును అల్ట్రాసోనిక్ మొన తవ్వేస్తుంది. నోరు తెరవడానికి ఐస్‌క్రీం పుల్లలు పేర్చి పళ్ల మధ్య పెట్టుకోవడం, రోజుకు ఐదు సార్లు, వారానికి ఒక పుల్ల పెంచడం. ఆరు నెలలకు 22 నుంచి 29కి వచ్చింది.

ఇప్పుడు

పేస్టు మొదలైన తర్వాతి పన్నెండు నెలల్లో కొత్త పుచ్చు ఒక్కటి, పై కోర పన్ను మెడ దగ్గర. దవడలో ఎముక తేలిన చోటు లేదు. ఖైనీ మానాడు, కానీ బ్యారన్ దగ్గర ఆకు గ్రేడు చేసేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకునే అలవాటు రెండో ఏడాదిలో మళ్లీ కనబడింది. ఎవరూ చెప్పలేదు, కుడి బుగ్గ లోపల తెల్ల మచ్చ చెప్పింది. ఆ ఆకు ముక్క గురించి భార్య, కొడుకు ఎదుటే మాట్లాడాం. ఆంకాలజిస్టుకు కబురు పంపాం. మచ్చ రెండు వారాల్లో తగ్గకపోతే బయాప్సీ అని ముందే చెప్పాం. ఆకు మానాక తగ్గింది.

ఇప్పుడు ఆంకాలజీ వైపు నుంచి వచ్చే ప్రతి నోటి క్యాన్సర్ రోగికీ రేడియేషన్ తేదీ తెలిసిన రోజే పళ్ల చూపు పెడుతున్నాం. చీటీ మీద ఐదు అడుగుతున్నాం: రేడియేషన్ ఎప్పుడు మొదలవుతుంది, దవడలో ఏ చోట ఎంత మోతాదు, నోరు ఎంత తెరుచుకుంటోంది, ఇంటి నీళ్లలో ఫ్లోరైడు ఎంత, ఇంట్లో ఎవరికైనా ఫ్లోరోసిస్ ఉందా. చివరి రెండు ప్రశ్నలు ఈ కేసు తర్వాత చేర్చినవే.

కుడి కింది మొదటి దవడ పన్ను సంగతి ఇంకా తేలలేదు. వేళ్లు చీలే చోట చిగురు దిగింది, ఊగుడు మొదటి దశలో ఉంది, ఆ చోట పడిన మోతాదు 44 గ్రే. మూడు నెలలకోసారి కొలుస్తున్నాం. పోయినసారి కొలతకీ ఈసారికీ తేడా లేదు కాబట్టి దాన్ని తాకలేదు.